"నా థీసిస్ నేను రాయలేదంటున్నారు మేడమ్"

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. తిరుపతిలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. తోతాపురి మామిడి రైతులకు, మండీలకు, పల్ప్ ఫ్యాక్టరీలకు మధ్య ధర ఎలా తేలుతుందన్నది నా టాపిక్. డిగ్రీ దాకా తెలుగు మీడియమే చదివాను. నూటయాభై మంది రైతుల దగ్గరికి నేనే తిరిగి షెడ్యూళ్లు, అంటే సర్వే ప్రశ్నల పత్రాలు, నింపాను. ఇంగ్లిషులో రాయడం కుదరక, నేను రాసిన పేరాల్ని చాట్‌జీపీటీలో పెట్టి సరిచేయించుకున్నాను. రెండో చాప్టర్‌లో, అంటే రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో మాత్రం టైం లేక కొన్ని పేరాలు దాన్నే రాయమన్నాను. రిఫరెన్సులు కూడా అదే ఇచ్చింది. పోయిన వారం మా గైడ్ సార్ నాలుగో చాప్టర్‌ని ఏఐ డిటెక్టర్‌లో వేస్తే 78 శాతం ఏఐ అని వచ్చింది. "ఇది నువ్వు రాయలేదు" అని ఫైలు పక్కన పడేశారు. అది పూర్తిగా నా ఫీల్డ్ వర్క్ మేడమ్. ఆ భయంతో ఇంటికొచ్చి రెండో చాప్టర్ రిఫరెన్సులు వెతికితే మూడు ఎక్కడా దొరకలేదు. ఆ సంగతి సార్‌కి ఇంకా తెలియదు. మా సీనియర్ ఒకాయన "ఏఐ రాతను మనిషి రాతలా మార్చే హ్యూమనైజర్‌లో వెయ్యి, శాతం తగ్గిపోతుంది, ఆ మూడు రిఫరెన్సులు తీసేయ్, అంతే" అంటున్నాడు. ఆయన డబ్బు కట్టి నెలలోపే పేపర్లు వేయించుకున్నాడు. నా ఫీల్డ్ నోటుబుక్కు పేజీల ఫొటోలు, ఏఐ దిద్దిన పేరాలు కొన్ని జత చేస్తున్నాను. నేను తప్పు చేశానా? నాలుగేళ్లూ పోయినట్టేనా? మీ ఇంటి పిల్లే అనుకుని చెప్పండి.
– రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. ముందు కాస్త ఊపిరి పీల్చుకో. నాలుగేళ్లు ఎక్కడికీ పోలేదు. కాకపోతే సార్ కోప్పడిన నాలుగో చాప్టర్‌లో నీ తప్పు చిన్నది, సార్ ఇంకా చూడని రెండో చాప్టర్‌లో నీ తప్పు పెద్దది. అది నీకూ తెలుసు, నీ ఉత్తరంలో ఆ మూడు రిఫరెన్సుల ముచ్చట వచ్చేసరికి వాక్యాలు పొట్టివైపోయాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

చాట్‌జీపీటీ లాంటివి ఎక్కడో లైబ్రరీలో వెతికి రిఫరెన్స్ తెచ్చిస్తాయని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. అది చేసే పని వేరు. లెక్కలేనన్ని పేజీలు చదివించి తయారుచేసిన యంత్రం అది, ఈ మాట తర్వాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో లెక్కగట్టుకుంటూ ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. మామిడి మార్కెటింగ్ మీద రిఫరెన్స్ ఇవ్వమంటే, ఆ సబ్జెక్టులో తరచూ కనిపించే ఇంటిపేరు ఒకటి, నమ్మదగ్గ జర్నల్ పేరు ఒకటి, ఒక సంవత్సరం, సంపుటి నంబరు, పేజీ నంబర్లు పేర్చి, అచ్చం రిఫరెన్స్‌లా ఉండేదాన్ని చేతిలో పెడుతుంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి చెప్పేవి కూడా వచ్చాయి, వాటిలో పేపరు చాలావరకు నిజంగానే ఉంటుంది, కానీ ఆ పేపర్లో లేని మాట ఉన్నట్టు చెప్పే ప్రమాదం అలాగే ఉంది. నాకు ఈ రెండో రకమంటేనే ఎక్కువ భయం. పేపరు దొరుకుతుంది కాబట్టి ఎవరూ లోపలికి వెళ్లి చూడరు. నువ్వు మూడు దొరకలేదన్నావు, దొరికిన మిగతావి తెరిచి చదివానని మాత్రం రాయలేదు.

నాకు జరిగింది చెప్తాను. నేను చాలాకాలం ఒక చిన్న జర్నల్‌కి ఎడిటర్‌గా ఉన్నాను. రెండేళ్ల కిందట రాయలసీమలో చెరువుల కింద సాగు మీద ఒక పేపరు వచ్చింది. ఇంగ్లిషు నున్నగా ఉంది. రిఫరెన్సుల్లో నా పేరు కనిపిస్తే సంతోషంగానే చూశాను. తీరా చూస్తే ఆ టైటిల్‌తో నేను ఏ వ్యాసమూ రాయలేదు. సంపుటి, పేజీలు అన్నీ వేసి ఉన్నాయి. నేనే మర్చిపోయానేమో అని ఒక పూట అనుమానం కూడా వచ్చింది. మనసొప్పక లైబ్రరీకి వెళ్లి, బైండ్ చేసి పెట్టిన పాత సంపుటాల్లో ఆ సంవత్సరంది దించి, దుమ్ము తుడిచి ఆ పేజీ తీశాను. అక్కడ చేనేత సహకార సంఘాల అప్పుల పట్టిక ఉంది, వేరేవాళ్లది. ఆ పేపరు రాసిన అబ్బాయికి ఫోన్ చేస్తే, "అది మీరు రాసిందనే అనుకున్నాను మేడమ్" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే అలా అనుకున్నాడు. నేను అననిమాట నేను అన్నానని నమ్మి, దాని మీద ఇంకో రెండు పేరాల వాదన కట్టాడు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకా అలాగే ఉంది. అచ్చయి ఉంటే దాన్ని చూసి మరొకరు రాసేవాళ్లు, ఆ మరొకరిని చూసి ఇంకొకరు.

ఇలా పాతుకుపోయిన తప్పు మాట ఒకటి ఇప్పటికే ఉంది. 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' అని ఒక మాట ఈ మధ్య కొన్ని సైన్సు పేపర్లలో కనిపిస్తోంది. అలాంటి పరికరం ప్రపంచంలో లేదు. 1950ల నాటి ఒక పాత పేపరును స్కాన్ చేసినప్పుడు, పక్కపక్క కాలమ్‌లలో ఉన్న రెండు మాటలు అతుక్కుపోయి ఒకటయ్యాయి. ఇరాన్‌లో మాట్లాడే పర్షియన్ భాషలో 'స్కానింగ్' అనే మాటకూ 'వెజిటేటివ్' అనే మాటకూ ఒక్క చుక్క తేడా ఉండటంతో అనువాదంలో అది మరికొన్ని పేపర్లలోకి దూరింది. ఇప్పుడు ఏఐ మోడళ్లు కూడా దాన్ని తిరిగి కక్కుతున్నాయి. నీ మూడు రిఫరెన్సులు కూడా థీసిస్‌తో పాటు, దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగలోకి ఎక్కితే, రేపు నీలాంటి పల్లెటూరి పిల్ల ఒకతి వాటిని నిజమనుకుని కాపీ చేసుకుంటుంది.

మన ఊళ్లోనే చూడు. తిరుమల గుడి శాసనాల్ని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు, ఆయనతో పాటు పనిచేసినవాళ్లు చదివి, 1930ల్లో దేవస్థానం తరఫున సంపుటాలుగా అచ్చువేయించారు. ఈనాటికీ ఆ గుడి చరిత్ర రాసేవాళ్లు ఆ సంపుటి, ఆ శాసనం నంబరు వేస్తారు. వేస్తే మనం నమ్ముతాం, ఎందుకంటే ఒక మనిషి ఆ గోడ ముందు నిలబడి, అరిగిపోయిన అక్షరాల్ని కూడబలుక్కుని చదివాడని మనకు తెలుసు, అనుమానం వస్తే వెళ్లి పోల్చి చూసుకోవచ్చనీ తెలుసు. రిఫరెన్స్ వేయడమంటే నేను చదివాను, నువ్వూ వెళ్లి చూడొచ్చు అని చెప్పడమే కదా. నువ్వు చదవనిదానికి ఆ మాట ఇచ్చేశావు. అక్కడ నువ్వు తప్పు చేశావు తల్లీ, మెత్తగా చెప్పి నిన్ను మోసం చేయలేను.

మీ సీనియర్ చెప్పినట్టు మూడు తీసేసి ఊరుకుంటే సరిపోదు. ఆ రిఫరెన్స్ తీసేసినా, దానితో వచ్చిన వాక్యం అక్కడే ఉంటుంది, ఆధారం లేకుండా. ఏఐ రాసిన పేరాలు ఏవో నీకు గుర్తున్నాయి కాబట్టి ఆ పేరాలన్నీ తీసిపక్కన పెట్టు, చాప్టర్ సన్నబడితే సన్నబడనీ. తర్వాత మిగిలిన ప్రతి రిఫరెన్స్‌నీ ఒక కాగితం మీద వరసగా రాసుకో. డీఓఐ, అంటే ఒక్కో పేపరుకు ఇచ్చే గుర్తింపు నంబరు ఉంటే డీఓఐ సైట్‌లో వేసి తెరువు, లేకపోతే పేపర్ల వివరాలు వెతికే క్రాస్‌రెఫ్‌లో, గూగుల్ స్కాలర్‌లో టైటిల్ వేసి చూడు, పాత పుస్తకమైతే లైబ్రరీలో అలమర దగ్గరికే వెళ్లు. పేపరు దొరికాక నువ్వు చెప్పిన మాట అందులో ఏ పేజీలో ఉందో ఆ నంబరు పక్కన వేసుకో. ఆ నంబరు వేయలేకపోతే ఆ రిఫరెన్స్ నీది కాదు. ఒక్కోదానికి అరగంట పడుతుంది, వందుంటే యాభై గంటలు, అంటే ఓ పదిహేను రోజులు కూర్చుంటే అయిపోతుంది.

ఒకప్పుడు మా రోజుల్లో మంచి జర్నల్ చదవాలంటే హైదరాబాదో మద్రాసో రైలెక్కాల్సి వచ్చేది. మీకు ఆ ఇబ్బంది లేదు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 2025 జనవరి నుంచి 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలకు అందుబాటులోకి వచ్చాయి, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల పథకం అది. మీ లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకో. మామిడి మీద, వ్యవసాయ మార్కెట్ల మీద ఇరవై మంచి పేపర్లు నిజంగా చదివి రాసిన రివ్యూ, చదవని ఎనభై పేర్లు గుప్పించిన రివ్యూ కంటే వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, నిన్ను బాగా కాపాడుతుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగేది "ఈయన ఏమన్నాడమ్మా" అనే.

ఇప్పుడు ఆ 78 శాతం గురించి. ఈ డిటెక్టర్లను చూసి పిల్లల భవిష్యత్తు తేల్చేయడం నాకు ఏమాత్రం నచ్చదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023లో ఒక డిటెక్టర్ తెచ్చింది, అది వాళ్ల సొంత పరీక్షలోనే ఏఐ రాసిన రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టుకోగలిగింది, సరిగా పనిచేయడం లేదని అదే ఏడాది జులైలో మూసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్షలో రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లలో వేసి చూశారు. మనుషులు స్వయంగా రాసిన వాటిని సగటున 61 శాతం దాకా ఏఐ రాసినవని అవి చెప్పాయి. అమెరికా స్కూలు పిల్లల వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. కారణం ఏంటంటే, మనం నేర్చుకున్న ఇంగ్లిషులో మాటలు తక్కువ, వాక్యాలు ఒకే మూసలో ఉంటాయి, తర్వాతి మాట ఏదో ఊహించడం తేలిక. డిటెక్టర్ వెతికేది ఆ ఊహకందే గుణాన్నే. అంటే తెలుగు మీడియంలో చదివి కష్టపడి ఇంగ్లిషు నేర్చుకున్న పిల్ల రాతే ముందు అనుమానంలో పడుతుంది. ఇది అన్యాయమని గట్టిగానే అంటాను.

అయితే నీ విషయంలో డిటెక్టర్ ఉత్తినే అరిచిందనీ అనలేం. నువ్వు దిద్దించుకున్నావు, దిద్దిన జాడ అందులో ఉంటుంది. దిద్దించుకున్నదానికీ మొత్తం రాయించుకున్నదానికీ తేడా దానికి తెలియదు, ఆ తేడా చూపించాల్సింది నువ్వే. ఇంకో సంగతి, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ కాపీ రాతల మీద తెచ్చిన 2018 నిబంధనల్లో చెప్పిన శాతం వేరు, ఇది వేరు. ఆ నిబంధనలు మాట్లాడేది వేరేవాళ్ల రాతతో పోలిక గురించి: 10 శాతం దాకా పట్టించుకోరు, 10 నుంచి 40 అయితే దిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. అవి వచ్చింది 2018లో, చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబర్ 30న. కాబట్టి ఏఐ డిటెక్టర్ చూపించిన 78ని తీసుకొచ్చి ఆ 60 పక్కన పెట్టి ఎవరైనా రిజిస్ట్రేషన్ పోతుందని బెదిరిస్తే నమ్మొద్దు. మీ యూనివర్సిటీ ఏఐ మీద సొంతంగా ఏమైనా రూల్ పెట్టిందేమో మాత్రం రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి తెలుసుకో.

సార్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లి ఏడవొద్దు. నువ్వు పంపిన ఫొటోల్లో ఒక పేజీ నా మనసులో నిలిచిపోయింది. రూళ్ల నోటుబుక్కు, పైన తేదీ, తోట పేరు, కింద నీ గుండ్రటి చేతిరాత, కుడివైపు మూలన చింతపిక్క రంగు మరక. మొదట టీ అనుకున్నాను, తర్వాత అర్థమైంది, అది మామిడి సొన. ముచ్చిక తుంచినప్పుడు చిమ్మి ఉంటుంది. ఆ మరక కింద రెండు అంకెలు కొట్టేసి మళ్లీ రాశావు, పక్కనే ఫ్యాక్టరీ టోకెన్ నంబరు, ట్రాక్టర్ ఎన్ని గంటలకు క్యూలోకి వచ్చింది, ఎప్పుడు దిగింది. ఏ యంత్రమూ ఆ పేజీ రాయలేదు. ఆ నోటుబుక్కులు, నింపిన షెడ్యూళ్లు, ఎక్సెల్ షీట్లు, నువ్వు మొదట రాసుకున్న తప్పుల తడక ఇంగ్లిషు డ్రాఫ్టు, చాట్‌జీపీటీతో జరిగిన సంభాషణ ప్రింటు, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లు. "సార్, నాలుగో చాప్టర్‌లో విషయం నాది, భాష దిద్దించుకున్నాను, ఇదిగో ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది. ఏ పట్టిక గురించైనా అడగండి, ఇప్పుడే చెప్తాను" అను. ఆ నోటితోనే, ఆయన అడగకముందే, రెండో చాప్టర్ సంగతీ చెప్పు. "మూడు రిఫరెన్సులు లేనివి వచ్చాయి, నేను చూసుకోకపోవడం నా తప్పు, చాప్టర్ మళ్లీ రాస్తున్నాను, నెల టైం ఇవ్వండి" అని. తిడతారు. తిట్టించుకో. నాకు తెలిసిన గైడ్లలో ఎక్కువమంది, పిల్లలు తమంతట తామే వచ్చి చెప్పిన తప్పును క్షమించారు, దాచి తర్వాత బయటపడినదాన్ని క్షమించలేదు. మీ సార్ కోపం వెనక కూడా భయమే ఉంటుంది, రేపు థీసిస్ మీద గొడవ వస్తే ముందు అడిగేది ఆయన్నే.

ఇక నాలుగో చాప్టర్‌లో నీ తప్పు చిన్నదన్నాను కదా, ఆ చిన్నది కూడా చూపిస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నీ నోటుబుక్కులో ఒక రైతు మాట ఉంది: "సూటు కింద టన్నుకు ఇంతని కాయ తీసేస్తారు, గట్టిగా అడిగితే కాయ ఎనిక్కి ఎత్తకపొమ్మంటా ఉండారు." మండీలో తూకానికి పైన ఊరికే లాగేసుకునే కాయ అది, రైతులకు కడుపు మండే మాట. నువ్వు మొదట రాసిన ఇంగ్లిషులో గ్రామర్ తప్పులున్నా 'సూటు' అన్న మాట ఉంది, బెదిరింపు ఉంది. చాట్‌జీపీటీ దిద్దిన పేరాలో ఆ మాట లేదు. దాని బదులు, నాణ్యతను బట్టి వ్యాపారులు ఆనవాయితీగా చేసే తగ్గింపు అనే అర్థం వచ్చే చక్కని ఇంగ్లిషు ఉంది. రైతు కాయలో నాణ్యత లేదని ఎక్కడా అనలేదు! దోపిడీని ఆనవాయితీగా మార్చేసింది ఆ ఒక్క వాక్యం. రైతు నీకు నమ్మి చెప్పిన మాట నీ థీసిస్‌లోంచే మాయమైపోయింది, నువ్వు గమనించకుండానే, ఎందుకంటే ఆ ఇంగ్లిషు నీ ఇంగ్లిషు కంటే బాగుంది, బాగున్నదాన్ని మనం అనుమానించం. దానికి ఎక్కువగా తెలిసినవి పెద్ద భాషల్లో, పెద్ద రిపోర్టుల్లో ఉన్న మాటలు, బంగారుపాళ్యం మండీలో మాట దానికి సరిగా తెలియదు, తెలియనిదాన్ని తెలిసినదాని మూసలో పోసేస్తుంది.

అందుకని నాలుగో చాప్టర్ మొత్తం, ప్రతి పేరా, నీ నోటుబుక్కు ఎడమచేతి వైపు పెట్టుకుని మళ్లీ చదువు. రైతు అనని మాట ఎక్కడ వచ్చిందో, అన్న మాట ఎక్కడ పోయిందో ఎర్ర పెన్నుతో గీసుకో. 2025 సీజన్‌లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 అని ప్రకటించారు. ఆ మాట ఏ ఏఐని అడిగినా చెప్తుంది. ఆ 8 రూపాయల్లో ఎంత, ఎన్నాళ్లకు, ఏ రైతు చేతికి వచ్చిందన్నది నీ షెడ్యూళ్లలో మాత్రమే ఉంది. నీ పీహెచ్‌డీ అంటే అదే. ఇకముందు మొదటి డ్రాఫ్టు తెలుగులోనే రాసుకో, సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆలోచన తెలుగులో గట్టిగా నిలబడ్డాక ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు, మార్చేటప్పుడు యంత్రం సాయం తీసుకున్నా ఏం పోయిందో నీకు తెలుస్తుంది. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఉన్న షీట్లు మాత్రం ఎప్పుడూ అందులో పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ సంభాషణలు డిలీట్ చెయ్యి.

ఆ హ్యూమనైజర్ జోలికి అస్సలు వెళ్లకమ్మా. తప్పును దాచడానికి ఇంకో యంత్రం, దాన్ని దాచడానికి మరొకటి. చాట్‌జీపీటీ రాకముందే, 2021లో, గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచి పరిశోధకుడు, ఆయన సహచరులు ఇలాంటి మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ల గుట్టు బయటపెట్టారు. కాపీ దొరక్కుండా మాటలు మార్చబోయి, 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్' అయింది, బ్రెస్ట్ క్యాన్సర్ 'బుజమ్ పెరిల్' అయింది. ఇలాంటి మాటలున్న పేపర్లు వేల సంఖ్యలో దొరికాయి. నీ థీసిస్‌లో 'పల్ప్' అన్నదాన్ని, 'మండీ' అన్నదాన్ని అది ఏం చేసిపెడుతుందో ఆలోచించు.

మీ సీనియర్ నెలలోపు పేపర్లు వేయించుకున్నాడని నువ్వు కుళ్లుకోవాల్సింది ఏమీ లేదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో, థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చు కావాల్సిందేనన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతోందేమో ఆర్డినెన్స్ చూసుకో, అడిగినా ఒక్క మంచి పేపరు చాలు. మంచి జర్నల్ ఏదో చెప్పడానికి ఉన్న కేర్ లిస్టును కూడా 2025లో యూజీసీ ఆపేసింది, ఇప్పుడు ఆ బాధ్యత యూనివర్సిటీల మీద, మన మీద పడింది. నీ రిఫరెన్సుల్లో నువ్వు నిజంగా చదివి మెచ్చుకున్న పేపర్లు ఏ జర్నళ్లలో వచ్చాయో చూడు, వాటికి పంపు. వాళ్లు ఆరు నెలలు ఆపి, రెండుసార్లు వెనక్కి పంపి, బోలెడు ప్రశ్నలు వేస్తారు. వేయనీ. రాత్రికి రాత్రి ఒప్పుకునేవాళ్లు నీ పేపరు చదవలేదని అర్థం.

పెద్ద జర్నళ్లలో ఇవేవీ జరగవని కూడా అనుకోకు. 2024లో ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషర్ జర్నల్ ఒకదాంట్లో అచ్చయిన పేపరు, మీ టాపిక్‌కి సరిపోయే ఇంట్రడక్షన్ ఇదిగో అన్న చాట్‌బాట్ మాటతోనే మొదలైంది. రాసినవాళ్లు, రివ్యూయర్లు, ఎడిటర్, ప్రూఫులు చూసినవాళ్లు, ఒక్కరూ మొదటి వాక్యం చదవలేదు. అదే ఏడాది ఫ్రంటియర్స్ అనే ఇంకో పబ్లిషర్ జర్నల్‌లో ఏఐ గీసిన ఎలుక బొమ్మ వచ్చింది, అవయవాలు అసంభవంగా ఉన్నాయి, పక్కన రాసిన పేర్లకు అర్థమే లేదు. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. వైలీ అనే పబ్లిషర్ కొన్న హిందావీ సంస్థ జర్నళ్లలో 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లు రద్దు చేశారు, అవి ఎక్కువగా డబ్బుకు పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాల పని. 2025లో ఇంకో వింత బయటపడింది: కొందరు తమ పేపర్లలో కంటికి కనపడని తెల్ల అక్షరాలతో 'మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు' అని దాచి రాశారు, రివ్యూ చేసేవాళ్లు పేపరు చదవకుండా ఏఐకి అప్పజెప్తారన్న నమ్మకంతో. రాసేవాడు చదవక, చూసేవాడు చదవక, ఇక చదివేదెవరు? మేం ఒక్కో పేపరు మీద రెండేసి రాత్రులు కూర్చుని మార్జిన్లలో రాసిన రోజులు గుర్తొస్తే నాకు గుండె బరువెక్కుతుంది. నీలాంటి పిల్లలు మూడు రిఫరెన్సులు దొరకలేదని నిద్రపోకుండా ఉండటం చూస్తే కొంచెం ధైర్యం కూడా వస్తుంది.

ఏఐ వాడటమే పాపమని నేను అనను. పెద్ద పబ్లిషర్లు కూడా అనడం లేదు. 2023లోనే ప్రచురణ నీతి నియమాలు చూసే కోప్ సంస్థ, ఏఐని రచయితగా పేరు వేయకూడదు, తప్పొస్తే బాధ్యత వహించలేదు కాబట్టి, వాడితే ఎలా వాడారో చెప్పాలి అంది. నువ్వూ చెప్పు. థీసిస్ ముందు మాటల్లో ఒక చిన్న పేరా పెట్టు: నాలుగో చాప్టర్‌లో, ఇంకా ఏ చాప్టర్లలో వాడావో వాటిలో, నేను రాసిన ఇంగ్లిషును సరిచేయడానికి ఫలానా నెలల్లో చాట్‌జీపీటీ వాడాను, డేటా, విశ్లేషణ, రిఫరెన్సులు నావి, ప్రతి వాక్యాన్నీ నా ఫీల్డ్ నోట్సుతో పోల్చి చూసుకున్నాను, తప్పులుంటే బాధ్యత నాది. ఆ పేరా రాసే రోజుకి అందులోని ప్రతి మాటా నిజమై ఉండాలి, ముఖ్యంగా ఆ పోల్చి చూసుకున్నానన్న మాట. ముందు సార్‌కి చూపించి ఆయన ఒప్పుకున్నాకే పెట్టు.

నీ ప్రశ్నల్లో లేనిది ఒకటి అడుగుతావని తెలుసు, ఇంగ్లిషు థీసిస్‌లో 'సూటు' అని ఎలా రాయాలి, ఎగ్జామినర్‌కి అర్థం కాదు కదా అని. అలాగే రాయి, వాలు అక్షరాల్లో. కింద ఫుట్‌నోట్‌లో ఆ మాటకు అర్థం ఇవ్వు, ఏ మండీలో ఎంత తీస్తున్నారో నీ పట్టిక నంబరు వెయ్యి, పేరు చెప్పకుండా ఆ రైతు మాటను ఆయన అన్నట్టే తెలుగులో పెట్టి, దాని కింద నీ అనువాదం రాయి. అనువాదం మాత్రం నువ్వే చెయ్యి, రాసి నాకు పంపు, కూర్చుని చూస్తాను.